ఒక్క స్నేహితుడితో నలభై నిమిషాలు: ఆటిజం ఉన్న పిల్లలకు స్నేహం ఎలా అలవాటు చేయాలి

మా బాబుకు ఆరేళ్లు నిండిన రోజున అపార్ట్‌మెంట్‌లోని పిల్లలందరినీ ఇంటికి పిలిచాము. బెలూన్లు పగులుతుంటే, అందరూ ఒక్కసారిగా పాట అందుకుంటే, తను చెవులు మూసుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. కేకు కోసేటప్పుడు కూడా బయటికి రాలేదు. పిల్లల మధ్య వదిలితే మాట, కలుపుగోలుతనం వాటంతట అవే అబ్బుతాయని ఆ రోజు వరకు నేను నమ్మాను. ఆటిజం ఉన్న బిడ్డను అలా గుంపులోకి పంపడం ఈత రానివాణ్ణి వరద గోదావరిలో దింపడమేనని తర్వాత తెలిసింది. సాయంత్రం పార్కులో ఆడే పిల్లల ఆటకు నియమాలు నిమిషానికొకసారి మారుతుంటాయి. వాటిని ఎవరూ పైకి చెప్పరు. ఒకరి చూపును, గొంతును, నవ్వును బట్టి మిగిలినవారు పట్టేసుకుంటారు. మన పిల్లలకు కష్టమైనది సరిగ్గా అదే.

ఆ తర్వాత మేము పట్టిన దారి దీనికి పూర్తిగా ఎదురైనది: ఒక్క పిల్లవాడు, ఒక్క ఆట, నలభై నిమిషాలు, ప్రతి వారం. ఐదు నుంచి పన్నెండేళ్ల మధ్య వయసున్న పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఆ దారిని ఇక్కడ వరుసగా చెబుతున్నాను. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం), డౌన్ సిండ్రోమ్ (అదనపు క్రోమోజోమ్ వల్ల పుట్టుకతో వచ్చే స్థితి), మేధో వైకల్యం ఉన్న పిల్లల విషయంలో ఏమి మార్చుకోవాలో సందర్భం వచ్చినచోట చెబుతాను.

ముందుగా ఒక వారం గమనించండి

ఒక నోట్‌బుక్ తీసుకోండి. వారం రోజులపాటు ఏమీ నేర్పకుండా, సరిదిద్దకుండా, బిడ్డ ఇతర పిల్లల దగ్గర ఏమి చేస్తున్నదో రాసుకోండి. మిల్‌డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1932లో పిల్లల ఆటను కొన్ని మెట్లుగా విడదీశారు. ఒంటరిగా ఆడుకోవడం, పక్కన నిలబడి చూడడం, ఇంకొకరి పక్కనే కూర్చుని ఎవరి ఆట వారు ఆడుకోవడం, వస్తువులు ఇచ్చిపుచ్చుకుంటూ ఆడడం, చివరికి అందరూ ఒకే నియమానికి కట్టుబడి కలిసి ఆడడం అనేవి వాటిలో ముఖ్యమైనవి. ఈ మెట్లు ప్రతి బిడ్డా వరుసగా ఎక్కి తీరాలని కాదు గానీ, మీ బిడ్డ ఇప్పుడు ఎక్కడ ఉందో తెలుసుకోవడానికి ఇవి బాగా పనికొస్తాయి. పక్కపక్కన కూర్చుని ఎవరి ఇటుకలు వారు పేర్చుకునే దశలో ఉన్న బిడ్డను కబడ్డీ కోర్టులో నిలబెడితే మిగిలేది ఏడుపే.

ఏ పనిలో పది నిమిషాలు సంతోషంగా లీనమవుతుంది, ఏ చప్పుడుకు, ఏ స్పర్శకు బెదురుతుంది, ఇక చాలు అని ఎలా తెలియజేస్తుంది అన్న మూడు విషయాలు నోట్‌బుక్‌లో తప్పనిసరిగా ఉండాలి. ఈ మూడో విషయాన్ని చాలామంది తల్లిదండ్రులు రాయరు. అయితే స్నేహం చెడిపోయేది ఎక్కువగా అక్కడే, ఎందుకంటే చాలు అన్న సంకేతం అవతలి పిల్లవాడికి అందకపోతే తర్వాత వచ్చేది గిచ్చడమో, కొట్టడమో, పరుగెత్తి పారిపోవడమో అవుతుంది.

బిడ్డకు అసలు స్నేహితులు కావాలని ఉందా అనే ప్రశ్న కూడా వేసుకోవాలి. కొందరు పిల్లలు ఎక్కువసేపు ఒంటరిగా ఉండి నిజంగానే సంతోషంగా ఉంటారు, ఆ ఏకాంతాన్ని గౌరవించాలి. మరికొందరు ఆట జరిగేచోట గోడ పక్కన రోజూ నిలబడతారు, పరిగెత్తే పిల్లల వెనుక ఊరికే పరిగెత్తుతారు, రాత్రి పడుకునేటప్పుడు తరగతిలోని పిల్లల పేర్లు వరుసగా చెప్పుకుంటారు. మా బాబు పక్కవాణ్ణి తోసి, వెనక్కి చూస్తూ పరుగు తీసేవాడు. దాన్ని అందరూ అల్లరి అన్నారు, నేనూ అలాగే అనుకుని చాలాకాలం కోప్పడ్డాను. "నన్ను పట్టుకో" అనడానికి తన దగ్గర ఉన్న మాట ఆ తోపు ఒక్కటేనని ఆలస్యంగా గ్రహించాను. తోయడం ఆపించే బదులు, చేతిని మెల్లగా తట్టి "పట్టుకో" అనడం నేర్పాము.

కళ్లలోకి చూసి మాట్లాడించడాన్ని లక్ష్యంగా పెట్టుకోకండి. చాలామంది ఆటిస్టిక్ పెద్దలు, అలా చూడవలసి వస్తే ఎదుటివారి మాట చెవికెక్కదని స్వయంగా చెబుతున్నారు. ఆటిజం ఉన్న బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో ఒక ముఖ్యమైన సంగతి ముందుకు తెచ్చారు: ఆటిస్టిక్ వ్యక్తికి ఇతరులు అర్థం కాకపోవడం ఎంత నిజమో, ఇతరులకు ఆటిస్టిక్ వ్యక్తి అర్థం కాకపోవడమూ అంతే నిజం. అంటే నేర్చుకోవలసినవారు ఇద్దరు. ఇకపై చెప్పే ప్రతి పనిలోనూ, ఆడుకోవడానికి ఇంటికి వచ్చే చిన్న అతిథికి కూడా కొంత నేర్పడం ఉంటుంది.

ఒక్కరిని ఎంచుకోండి

తరగతిలో మొదటి ర్యాంకు వచ్చే పిల్లలనో, టీచర్ చెప్పినట్లు వినే బుద్ధిమంతులనో ఎంచుకోవాలని మనకు అనిపిస్తుంది. అలాంటి పిల్లలు తరచుగా చిన్న టీచర్లుగా మారిపోతారు. "అలా కాదు, ఇలా పట్టుకో" అంటూ నలభై నిమిషాలూ దిద్దుతూనే ఉంటారు. దానికంటే మీ బిడ్డకు ఇష్టమైనదే తనకూ ఇష్టమైన పిల్లవాణ్ణి వెతకండి. బస్సుల పిచ్చి ఉన్న బిడ్డకు బస్సుల పిచ్చి ఉన్న స్నేహితుడు దొరికితే సగం పని అయినట్లే. మెల్లగా మాట్లాడే స్వభావం, నడిచి వెళ్లగలిగేంత దగ్గర ఇల్లు మిగిలిన రెండు అర్హతలు. ఒకటి రెండేళ్లు చిన్నవారైనా పరవాలేదు.

పెదనాన్న పిల్లలు, మేనత్త పిల్లలు తెలిసినవారే కాబట్టి మొదలుపెట్టడానికి మంచివారే. కానీ సంక్రాంతికీ వేసవి సెలవులకూ మాత్రమే కలిసేవారితో వారంవారం సాధన కుదరదు. ఇక సొంత అక్కకో అన్నకో ఈ బాధ్యత అప్పగించకండి. తమ్ముడిని తోడు తీసుకెళ్లకపోతే ఆడుకోవడానికి వెళ్లనివ్వని ఇంట్లో ఆ అక్కకు స్నేహితులు ఉండరు, కొన్నాళ్లకు తమ్ముడి మీద ప్రేమా తరిగిపోతుంది.

ఆ ఇంటివారితో ఎలా మాట్లాడాలి

ఈ మెట్టు దగ్గర చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే ఇక్కడ బిడ్డకు కాదు, మనకు బెరుకు. దీర్ఘమైన వివరణలు, జాలి పుట్టించే మాటలు అక్కర్లేదు. "అక్కా, మీ బాబుకూ మా వాడికీ బస్సులంటే ఇష్టం. శనివారం సాయంత్రం ఐదింటి నుంచి ఐదూ నలభై దాకా మా ఇంటికి పంపుతారా? నేను పక్కనే ఉంటాను. మా వాడికి మాట కొంచెం నిదానం, పెద్ద చప్పుడంటే భయం, అంతే" అంటే సరిపోతుంది. ఎంతసేపో ముందే చెప్పడం, మీరు దగ్గర ఉంటానని చెప్పడం అవతలి తల్లికి ధైర్యం ఇస్తుంది. ఆటిజం అనే పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. బిడ్డకు తన సంగతి తెలిసే వయసు వస్తే ముందు తననే అడగాలి. వారు కాదంటే వాదించవద్దు, మొహం మాడ్చుకోవద్దు, ఇంకొక ఇంటి తలుపు తట్టండి. నన్ను మూడు ఇళ్లవారు కాదన్నారు. నాలుగో ఇంటి ఆవిడ "దానికేముంది, పంపిస్తాను" అంది.

వచ్చే పిల్లవాడికి కూడా సూటిగా రెండు మూడు మాటలు చెప్పండి: "నువ్వు ఏదైనా అడిగాక మనసులో పది లెక్కపెట్టు, అప్పటికి జవాబు వస్తుంది. చెవులు మూసుకుంటే చప్పుడు ఎక్కువైందని అర్థం. చెప్పిందే మళ్లీ చెబితే వెక్కిరించడం కాదు, తను అలా ఆలోచించుకుంటాడు." పిల్లలు ఇలాంటి సమాచారాన్ని పెద్దలకంటే తేలికగా తీసుకుంటారు. "పాపం, వాడికి ఆరోగ్యం బాగాలేదు, నువ్వే సర్దుకుపో" అని మాత్రం చెప్పవద్దు. జాలితో వచ్చిన పిల్లవాడు రెండోసారి రాడు.

ఆటను ఎంచుకోవడం

స్నేహం కుదిరేదీ చెడేదీ ఎక్కువగా ఆట ఎంపికలోనే ఉంటుంది గనుక దీనికి సమయం తీసుకోండి. వంతు ఎవరిదో కంటికి కనిపించే ఆట, గెలుపోటములు త్వరగా తేలిపోయే ఆట, మాట్లాడకపోయినా సాగిపోయే ఆట కావాలి. మన పాత ఆటలలో ఇలాంటివి చాలా ఉన్నాయి.

అష్టాచెమ్మా నాకు అన్నిటికంటే నచ్చింది. గవ్వలు ఎవరి చేతిలో ఉంటే వంతు వారిది, ఇంతకంటే స్పష్టమైన గుర్తు ఇంకేముంటుంది? మొదటి వారం ఇరవై ఐదు గళ్ల పలక కూడా అక్కర్లేదు. నాలుగు గవ్వలు వేయడం, అన్నీ వెల్లకిలా పడితే చెమ్మ అని, అన్నీ బోర్లా పడితే అష్ట అని ఇద్దరూ కేక వేయడం, అంతే. రెండో మూడో వారానికి కాయలు నడపండి. ఎదుటివారి కాయను చంపే నియమాన్ని నెల తర్వాత గానీ తీసుకురాకండి. అప్పటికి ఓడిపోవడం కొంత అలవాటై ఉంటుంది. వామన గుంటలలో పద్నాలుగు గుంటల్లో చింతపిక్కలు ఒక్కొక్కటిగా వేస్తూ పోవడం చేతులకు హాయిగా ఉంటుంది, ఆడేది ఇద్దరే, చప్పుడు లేదు, లెక్కలంటే ఇష్టమున్న పిల్లలు దీన్ని వదలరు. తొక్కుడు బిళ్లలో ఒకరు గెంతుతుంటే మిగిలినవారు చూస్తూ నిలబడాలి కాబట్టి వేచి ఉండడం దానంతట అదే అలవాటవుతుంది.

దాగుడుమూతలు చూడడానికి సులువుగా ఉంటుంది గానీ నిజానికి కష్టమైన ఆట. నాకు తెలిసినది ఎదుటివాడికి తెలియదు అన్న ఊహ మీద అది నడుస్తుంది. మన పిల్లలు చాలామంది ప్రతిసారీ అదే తలుపు వెనుక దాక్కుంటారు, లేదా పేరు పిలవగానే బయటికి వచ్చేస్తారు. అందుకు నవ్వకండి, ఆ ఆటను ఒక ఏడాది వాయిదా వేయండి. వీరి వీరి గుమ్మడిపండులో ఇంకొకరు వచ్చి కళ్లు మూస్తారు, చెమ్మచెక్కలో అరచేతులు బలంగా తగులుతాయి; స్పర్శకు బెదిరే బిడ్డకు ఇవి వద్దు. స్పర్శను ఇష్టపడే బిడ్డకు మాత్రం చెమ్మచెక్క లయ బాగా నచ్చుతుంది. ఏడీహెచ్‌డీ ఉన్న బిడ్డకు కూర్చుని ఆడేది పది నిమిషాలు పెట్టి, ఆ వెంటనే పరిగెత్తేది పెట్టండి. గవ్వలు తెచ్చి ఇవ్వడం, లెక్క రాయడం వంటి పని చేతిలో ఉంటే వంతు కోసం ఆగడం తేలికవుతుంది. మేధో వైకల్యం ఉన్న పిల్లలకు నియమాలు తగ్గించి అదే ఆటను వారాల తరబడి ఆడించండి, కానీ పదేళ్ల బిడ్డ చేతికి మూడేళ్లవారి బొమ్మలు ఇవ్వకండి. తోటివారి కళ్లలో చులకన మొదలయ్యేది అక్కడే.

బిడ్డకు సొంతంగా ఉన్న ఇష్టాన్ని కూడా ఆటగా మలచవచ్చు. బస్సు నంబర్లన్నీ కంఠతా వచ్చిన మా బాబు, పటాన్‌చెరు నుంచి కోఠి వెళ్లే 218ని రోజూ గోడ పక్కన ఒంటరిగా నడిపేవాడు. ఆ బస్సుకు కండక్టర్ కావాలని చెప్పి, వచ్చిన పిల్లవాడి చేతికి టికెట్ల కట్ట ఇచ్చాము. కండక్టర్ రైట్ అనేదాకా డ్రైవర్ కదలకూడదు. ఆ ఒక్క నియమంతో ఎదుటివారి మాట కోసం ఆగడం తనకు ఏ పాఠమూ లేకుండా వచ్చింది.

తెలంగాణలో ఉన్నవారికి ఇంకొక మంచి అవకాశం బతుకమ్మ. అందరూ ఒకే వలయంలో, ఒకే అడుగుతో, ఒకే చప్పట్లతో తిరిగే ఆ ఆటలో మాట్లాడే అవసరం లేదు, తర్వాత ఏం జరుగుతుందో తెలుసు, తొమ్మిది రోజుల పండుగలో దాదాపు ప్రతి సాయంత్రం అదే మళ్లీ వస్తుంది. డీజే పెట్టెలు మోగేచోటికీ, సద్దుల బతుకమ్మ నాటి జనంలోకీ కాకుండా, మొదటి రోజుల్లో మీ వీధిలోని చిన్న గుంపుకు తీసుకెళ్లండి. ఒక సాయంత్రం దూరంగా నిలబడి చూడనివ్వండి, మరునాడు మీ కొంగు పట్టుకుని రెండు చుట్లు తిరగనివ్వండి.

మీతో ముందుగా సాధన

అతిథి వచ్చే ముందు ఆ ఆట బిడ్డకు బాగా వచ్చి ఉండాలి. కొత్త ఆట, కొత్త మనిషి ఒకే రోజున వద్దు. నా వంతు, నీ వంతు అనడం బాగా కుదిరాక ఓడిపోవడం నేర్పండి. బిడ్డ ఏడుస్తుందని ప్రతిసారీ మనమే ఓడిపోవడం పెద్ద పొరపాటు, ఎందుకంటే బయటి పిల్లలు అలా ఓడిపోరు. మూడు నిమిషాల్లో ముగిసే చిన్న ఆటలు వరుసగా ఆడుతూ, మీరు ఓడినప్పుడు "ఈసారి పోయింది, మళ్లీ వేద్దాం" అని ప్రతిసారీ అదే మాట, అదే గొంతుతో అనండి. కొన్నాళ్లకు ఆ మాట బిడ్డ నోట వస్తుంది.

ఆ సాయంత్రం ఏం జరగబోతున్నదో ఒక చిన్న కథగా, నాలుగైదు వాక్యాల్లో, బొమ్మలతో రాసి రోజూ చదివి వినిపించండి. కారల్ గ్రే అనే అమెరికన్ ఉపాధ్యాయురాలు 1990ల మొదట్లో ఆటిజం ఉన్న పిల్లల కోసం ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. "శనివారం ఐదింటికి నా స్నేహితుడు వస్తాడు. మేము గవ్వలు ఆడతాము. ఒకసారి వాడు గెలవవచ్చు, ఒకసారి నేను గెలవవచ్చు. చప్పుడు ఎక్కువైతే నేను లోపలి గదిలోకి వెళ్లవచ్చు. తర్వాత ఇద్దరం జంతికలు తింటాము." ఇందులో కొట్టకూడదు, అరవకూడదు అనే ఆజ్ఞలు లేవని గమనించండి. జరగబోయేది చెప్పడమే దీని పని.

మాటలు రాని బిడ్డకు "నా వంతు", "మళ్లీ", "చాలు" అనే మూడు బొమ్మల కార్డులు చాలు. వాటిని ఇద్దరు పిల్లలకూ ఇవ్వండి. అతిథి కూడా కార్డు చూపిస్తే అది లోపంగా కాక ఆటలో భాగంగా అనిపిస్తుంది. బిడ్డ ఎవరికీ ఇవ్వడానికి ఇష్టపడని బొమ్మలను ముందే బీరువాలో పెట్టి తాళం వేయండి.

ఆ నలభై నిమిషాలు

బడి నుంచి రాగానే కాకుండా, కొంత విశ్రాంతి తీసుకున్నాక సమయం పెట్టండి. మొదటి ఐదు నిమిషాలు ఎవరి బస్సులు వారు పట్టుకుని పక్కపక్కన కూర్చోనివ్వండి. తర్వాత ఆట, మధ్యలో కాసేపు విరామం, చివర చిరుతిండి. తినడంతో ముగుస్తుందని తెలిస్తే ముగింపు దగ్గర గొడవ ఉండదు.

మీరు కూర్చోవలసింది పిల్లల మధ్యలో కాదు, మీ బిడ్డ వెనుక కొంచెం పక్కగా. అవసరమైనప్పుడు చెవిలో ఒక్క మాట చెప్పండి, తన బదులు మీరు జవాబివ్వకండి. అతిథి మీ వైపు తిరిగి "ఆంటీ, వీడికి ఏ రంగు కాయ కావాలి?" అని అడిగితే, "వాణ్ణే అడుగు నాన్నా, రెండూ చూపించి అడుగు" అనండి. ఆట బాగా సాగుతున్నా నలభై నిమిషాలకు ఆపేయండి, ఇంకాసేపు ఆడాలని ఇద్దరికీ అనిపిస్తుండగానే ముగించాలి.

ఎప్పుడో ఒకసారి బిడ్డ తట్టుకోలేక అరుస్తుంది, గవ్వలు విసురుతుంది. తిట్టకుండా, క్షమాపణ చెప్పించకుండా, ముందే అనుకున్న గదికి తీసుకెళ్లండి; అతిథితో "చప్పుడు ఎక్కువైంది, కాసేపట్లో తగ్గుతుంది, నీ తప్పేమీ లేదు" అని చెప్పండి. ఆ చివరి మాటను మరచిపోవద్దు, పిల్లలు తమవల్లే జరిగిందనుకుని రావడం మానేస్తారు. అందరూ వెళ్లాక ఆ సాయంత్రాన్ని పరీక్షలా విశ్లేషించకండి. "వాడు గవ్వలు అడిగితే ఇచ్చావు" అని జరిగిన ఒక మంచి పనిని చెప్పి ఊరుకోండి.

అదే రోజు, అదే సమయం, కనీసం రెండు నెలలు సాగనివ్వండి. ఆ తర్వాత మీరు నేల మీది నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి గుమ్మానికి, గుమ్మం నుంచి పక్క గదికి జరగండి. అప్పుడే రెండో పిల్లవాణ్ణి పిలవడం గానీ, వారింటికి పంపడం గానీ ఆలోచించండి.

బడిలో

తరగతి గదికంటే భోజన విరామమే కష్టం. టీచర్‌ను మూడు చిన్న సాయాలు అడగండి: భోజనానికి రోజూ ఒకే చోటు, ఒకే తోడు; నోట్‌బుక్‌లు పంచడం వంటి ఇద్దరు కలిసి చేసే పని; విరామంలో బయటికి పోలేని రోజున లైబ్రరీ మూల. ఆటల పీరియడ్‌లో బిడ్డను పక్కన కూర్చోబెడుతున్నారని తెలిస్తే ఊరుకోకండి. వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 16వ సెక్షన్, ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న విద్యాసంస్థలు చదువుతోపాటు ఆటలలోనూ వినోదంలోనూ సమాన అవకాశం ఇవ్వాలని చెబుతోంది. ఆ చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో ఆటిజం, మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు (చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో ఇబ్బందులు) ఉన్నాయి. ఏడీహెచ్‌డీ విడిగా లేదు, కాబట్టి ఆ పిల్లల తల్లిదండ్రులు బడివారితో సామరస్యంగానే పని జరిపించుకోవాలి. ప్రభుత్వ బడి పిల్లలకు రెండు రాష్ట్రాలలోనూ సమగ్ర శిక్షా పథకం కింద, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలు, ప్రత్యేక ఉపాధ్యాయులు ఉన్నారు. బిడ్డ ఎదుగుదలను ఇంకా ఎవరికీ చూపించకపోతే జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రానికి గానీ, 1984లో సికింద్రాబాద్‌లో ఏర్పాటైన మేధో వైకల్యాల జాతీయ సంస్థకు గానీ వెళ్లవచ్చు.

వద్దు అనడం నేర్పండి

చెప్పినట్లు వినడం మాత్రమే నేర్చుకున్న బిడ్డ, ఎవరేం చెప్పినా చేస్తుంది. ఏదో ఒక మాట అనిపించి నవ్వుకోవడం, ఫోన్‌లో వీడియో తీయడం, టిఫిన్ డబ్బా ఖాళీ చేయడం, డబ్బులు తెమ్మనడం, వీటన్నిటినీ మన పిల్లలు స్నేహమే అనుకుంటారు. "వాడు నీ వంతు నీకు ఇస్తాడా? నువ్వు వద్దంటే ఆపుతాడా? అమ్మకు చెప్పొద్దు అంటాడా?" అనే ప్రశ్నలు వారానికొకసారి అడుగుతూ ఉండండి. ఇంట్లో కూడా బిడ్డ వద్దన్నప్పుడు ఆగండి. చుట్టాలొచ్చినప్పుడు ముద్దు పెట్టమని, పాట పాడమని బలవంతపెట్టకండి. కనిపించినవారినల్లా కౌగిలించుకునే అలవాటున్న పిల్లలు డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో చాలామంది ఉంటారు. ఆరేళ్లప్పుడు అందరూ మురిసిపోయే ఆ కౌగిలి పదహారేళ్లప్పుడు అపాయం తెచ్చిపెడుతుంది గనుక, ఇంటివారికి కౌగిలి, బయటివారికి నమస్కారం అని చిన్నప్పటి నుంచే అలవాటు చేయండి.

స్నేహితుడు వెళ్లిపోతే

అద్దె ఇళ్లు మారతారు, బదిలీలు వస్తాయి, సెక్షన్లు మారతాయి. ఎంతో కష్టపడి కుదిరిన స్నేహం ఇలా తెగిపోతే బిడ్డ కొన్ని నెలలపాటు అదే పేరు పలవరించవచ్చు. సంగతి తెలిసిన రోజునే చెప్పండి, వెళ్లే తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి, ఇద్దరూ గవ్వలు పట్టుకున్న ఫొటో ఒకటి గోడకు అంటించండి. వీడియో కాల్ అదే శనివారం ఐదింటికి పెట్టి, మాట్లాడమని ఒత్తిడి చేయకుండా రెండు వైపులా రెండు అష్టాచెమ్మా పలకలు పరిచి ఆడనివ్వండి. మా ఇంట్లో ఆ ఆట ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ పడిన గవ్వలను ఇక్కడ మా బాబు లెక్కపెట్టి, తన పలక మీద ఆ స్నేహితుడి కాయను తనే జరుపుతాడు.